జాజ్ గురువు కింగ్ ఆలివర్ చరిత్రము

విద్య లోకమున నిలుచుటకు పూర్వము రెండు మార్గములుండెను. గురువు నోటి నుండి శిష్యుని చెవికి చేరుట యొకటి. తాళపత్రముపై వ్రాతయై నిలుచుట రెండవది. మొదటి దానికి యోగ్యుడైన శిష్యుడు దొరకవలెను. రెండవ దానిని కాపాడుటకు భాండాగారము కావలెను. ఈ రెండును లేని విద్య ఎంత గొప్పదైనను పండితునితోడనే చితి కెక్కును. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున సంగీతమునకు మూడవ మార్గ మొకటి ఏర్పడెను. అదియే గ్రామఫోను పలక. పాడినవాడు పోయినను పాట మిగులుట అంతవరకు కవుల ఊహయందే కలదు. అప్పటినుండి అది అంగడిలో వెలకు దొరకజొచ్చెను.

శిష్యుని వలనను, పలకల వలనను తన విద్యను చిరస్థాయిగా నిలుపుకొని, తాను మాత్రము అంగబలమును, అర్థబలమును కోల్పోయి పరాయి ఊర కన్నుమూసిన విద్వాంసు డొకడు అమెరికా దేశమున నుండెను. ఆయన పేరు జోసెఫ్ ఆలివర్. లోకము ఆయనను కింగ్ ఆలివర్, అనగా ఆలివర్ రాజు, అని పిలిచెను. జాజ్ అను సంగీతమునకు తొలి ఆచార్యులలో ఆయన యొకడు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు వినినవారు మనలో అనేకులుందురు. ఆర్మ్‌స్ట్రాంగునకు గురువెవరని అడిగినచో చెప్పగలవారు తక్కువ. ఆ గురువు చరిత్రము మన గ్రంథాలయ రజతోత్సవ సంచికను చదువువారికి తెలియదగినదని తలచి ఇట పొందుపరచుచున్నాను.

ఆలివర్ 1880 దశకమున అమెరికా దక్షిణ భాగమందలి లూయిసియానా రాష్ట్రములో నల్లజాతివారి కుటుంబమున జన్మించెను. ఆ దేశమున బానిసత్వము 1865లో చట్టముచే రద్దయి యుండెను గాని, నల్లవారి బ్రతుకులందు దాని నీడ తొలగలేదు. బండిలో వేరు చోటు, బడి వేరు, చివరకు శ్మశానము కూడ వేరు. బాల్యముననే ఆయన న్యూ ఆర్లియన్సు నగరము చేరెను. తల్లి గతించిన పిదప విక్టోరియా డేవిస్ అను అక్క ఆయనను కనిపెట్టి చూచెను. ఈమె పేరు పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ కథ యొక్క తుది ఘట్టము ఈమె చేతులమీదుగనే జరిగినది. చిన్ననాటనే ఒక కంటికి దెబ్బ తగిలి ఆ చూపు పోయెను. తరువాతి కాలపు ఛాయాచిత్రములలో ఆయన టోపీని ఆ కంటిమీదికి వంచి ధరించుట కనబడును.

న్యూ ఆర్లియన్సు మిసిసిపి మహానది ఒడ్డునగల రేవు పట్టణము. ఫ్రెంచివారు, స్పెయిన్‌వారు, ఆఫ్రికానుండి తేబడినవారు, కరీబియను ద్వీపములవారు కలిసిమెలిసి యుండిన చోటు. అచ్చట ఊరేగింపు లేని శుభము లేదు, మేళము లేని అశుభము లేదు. శవమును శ్మశానమునకు గొనిపోవునపుడు మేళగాండ్రు మందగతిని విషాద గీతములు వాయింతురు. ఖననము ముగిసి తిరిగి వచ్చునపుడు వీథి దద్దరిల్లునట్లు నాట్యపు పాటలు వాయింతురు. పోయిన జీవునకు కష్టములు తీరినవని వారి భావము. ఇట్టి వీథి మేళములయందును, నాట్యశాలలయందును, పొలములలో కూలివాండ్రు పాడుకొను దుఃఖగీతములయందును, దేవాలయ గీతములయందును ఉన్న రసములన్నియు కలిసి జాజ్ సంగీతమైనది. వ్రాసిన స్వరమును వ్రాసినట్లు వాయించుట దానికి ప్రధానము కాదు. మన సంగీతమున మనోధర్మమని దేనిని అందుమో దానికే అచ్చట పెద్దపీట. భేదమేమనగా, మనకు మనోధర్మము ప్రధాన విద్వాంసుని సొత్తు. న్యూ ఆర్లియన్సు పద్ధతిలో ముగ్గురు నలుగురు ఏకకాలమున మనోధర్మమును ప్రదర్శించి, ఒకరికొకరు అడ్డురాక నడువవలెను.

ఆలివర్ చేపట్టిన వాద్యము కార్నెట్. ఇది ట్రంపెట్ అను బూరకు తోబుట్టువు. కొంచెము పొట్టి, నాదము కొంచెము మెత్తన. మన పెండ్లి ఊరేగింపులందు బ్యాండు మేళమువారు మూడు మీటలునొక్కి వాయించు ఇత్తడి బూర ఈ జాతిదే. ఆయన విద్య త్వరగా పట్టుబడినది కాదు. పగటివేళ ఒక తెల్లవారి యింట సేవకుడుగా పనిచేయుచు, మిగిలిన వేళ వీథి మేళములతోడను, రాత్రులు నాట్యశాలలయందును వాయించుచు, సంవత్సరములతరబడి సాధనచేసి పేరు తెచ్చుకొనెను. ఆ నగరమున కార్నెట్ వాద్యకారులలో శ్రేష్ఠుని రాజని పిలుచుట ఆచారము. ఆ బిరుదమును ముందుగా ధరించినవాడు బడ్డీ బోల్డెన్. ఆయన బూర ధ్వని క్రోసుల దూరము వినబడెడిదని ఐతిహ్యము. 1907లో మతి చెడి పిచ్చాసుపత్రిలో చేర్పబడి, 1931లో అచ్చటనే మరణించెను. ఆయన వాయించిన దొక్క పలకయైనను మనకు లభించియుండలేదు. రాజను పేరు మిగిలినది, నాదము పోయినది. ఆ సింహాసనమే కాలక్రమమున ఆలివర్‌కు సంక్రమించెను.

ఆలివర్ ప్రత్యేకత వేగమునందు లేదు, స్థాయి ఎత్తునందును లేదు. బూర నోటికి గిన్నెయో, గాజు గ్లాసో, టోపీయో, బకెట్టో అడ్డముంచి, చేతితో మూయుచు తెరచుచు, దానిచే మాటలాడించుటయందు ఆయనకు సాటి లేరు. పసిబిడ్డ ఏడుపు, కోడికూత, ముసలివాని గొణుగుడు, ప్రార్థనాలయమున భక్తుల మూలుగు, అన్నియు ఆ ఇత్తడి గొట్టమునుండి వెలువడెడివి. ఇది కేవలము వినోదము కాదు. మాటలు లేని వాద్యమునకు మాటల భావమును అబ్బించుట. వీణపై సాహిత్యమును పలికించువారి ప్రయత్నము వంటిదే ఇదియు.

1901లో ఆ నగరముననే నిరుపేదల వాడలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జన్మించెను. తండ్రి విడిచిపోయెను. పండ్రెండవ యేట పడకముందే వీథిలో తుపాకి పేల్చినందులకు అనాథ బాలుర శిక్షణాలయమునకు పంపబడి, అచ్చటనే కార్నెట్ పట్టుటకు నేర్చెను. బయటికి వచ్చిన పిదప బొగ్గు బండి తోలుచు, ఊరేగింపులలో ఆలివర్ వెంట నడచుచు ఉండెను. ఆలివర్ భార్య స్టెల్లా చెప్పిన చిల్లర పనులు చేసిపెట్టుటయే ఆ బాలుని గురుదక్షిణ. అందులకు ప్రతిగా ఆమె అన్నము పెట్టెను, ఆయన విద్య చెప్పెను. ఆలివర్ తాను వాడి విడిచిన పాత కార్నెట్ నొకదానిని ఆ బాలునికిచ్చెను. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆయనను తండ్రి జో అని పిలుచుచుండెను. ముసలితనమువరకు ఆ పిలుపు మానలేదు.

1917 నవంబరులో యుద్ధకాలపు కట్టుబాట్ల వలన న్యూ ఆర్లియన్సునందలి భోగవాటికను ప్రభుత్వము మూయించెను. వాద్యకారులలో అనేకులకు అచ్చటి శాలలే జీవనాధారము. ఉత్తరపు నగరములలో కర్మాగారములు పెరుగుచుండగా లక్షలకొలది నల్లవారు దక్షిణమును విడిచి వలసపోవుచున్న కాలమది. సంగీతము వారి వెంటనే పోయెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగియు దినములలో ఆలివర్ చికాగో చేరెను. కిడ్ ఓరీ అను ట్రాంబోన్ వాద్యకారుని మేళములో తాను ఖాళీచేసిన స్థానమున ఆర్మ్‌స్ట్రాంగ్ నిలిచెను. గురువు విడిచిన పీఠముపై శిష్యుడు కూర్చుండుట ఇది మొదటిసారి. తుదిసారి కాదు.

చికాగోలోను, నడుమ కొంతకాలము కాలిఫోర్నియాలోను వాయించి, 1922లో ఆలివర్ చికాగో దక్షిణభాగమున లింకన్ గార్డెన్స్ అను నాట్యశాలలో తన సొంత మేళమును నిలిపెను. దానికి క్రియోల్ జాజ్ బ్యాండు అని పేరు. క్లారినెట్‌కు జానీ డాడ్స్, డ్రమ్ములకు అతని తమ్ముడు బేబీ డాడ్స్, ట్రాంబోన్‌కు ఆనరే డూట్రే, బాసుకును బాంజోకును బిల్ జాన్సన్, పియానోకు లిల్ హార్డిన్ అను యువతి. ఆ వేసవిలో ఆలివర్ తంతి పంపి న్యూ ఆర్లియన్సునుండి ఆర్మ్‌స్ట్రాంగును రెండవ కార్నెట్‌గా పిలిపించెను. ఇరువది యొకటవ యేట ఆ యువకుడు రైలు దిగెను.

ఒక మేళమునకు ఒక కార్నెట్ చాలును. రెండుంచుట వింత. ఆ వింతయే ఆ మేళమునకు యశస్సు తెచ్చెను. పాట నడుచుచుండగా ఒక్కొకచోట వాద్యములన్నియు రెండు ఆవృత్తములపాటు చటుక్కున ఆగును. దానిని వారు బ్రేక్ అందురు. ఆ మౌనమున గురుశిష్యుల రెండు కార్నెట్లు జంటగా, ఒక్క ఊపిరితో పలికినట్లు, క్రొత్త స్వరమాలను పలికి విడుచును. వెంటనే మేళమంతయు మరల అందుకొనును. కాగితము లేదు, ముందు చెప్పుకొనుట లేదు. ప్రతి రాత్రియు క్రొత్తదే. పాట నడుమ ఆలివర్ రాబోవు స్వరమును మెల్లగా సూచించుననియు, ఆర్మ్‌స్ట్రాంగ్ దానిని అందుకొని తోడు స్వరమును అప్పటికప్పుడు కూర్చుననియు తెలిసికొనని శ్రోతలు ఇది మంత్రమేమో అని ఆశ్చర్యపడిరి. నల్లవారి నాట్యశాలయైనను చికాగోలోని తెల్లజాతి యువ వాద్యకారులు అనేకులు అచ్చటికి పోయి చెవులొగ్గి వినిరి. వారిలో పలువురు తరువాత పెద్ద పేరు గడించిరి.

ఇక పలకల విషయము. జాజ్ పేరుతో తొలి పలక 1917 ఫిబ్రవరిలో న్యూయార్కున రికార్డు చేయబడెను. దానిని వాయించినవారు తెల్లవారు. విద్యను పుట్టించినవారికి దానిని పలకపై నిలుపు అవకాశము ఆలస్యముగ వచ్చెను. 1923 ఏప్రిల్ 5వ తేదీన ఆలివర్ మేళము ఇండియానా రాష్ట్రమందలి రిచ్మండు పట్టణమున జెన్నెట్ కంపెనీవారి రికార్డింగు గదిలో అడుగుపెట్టెను. స్టార్ అను పియానోల కర్మాగారమునకు అనుబంధమైన గది యది. దాని ప్రక్కనే రైలు పట్టాలు. బండి పోవునపుడు వాయిద్యము ఆపవలసినదే. ఆ దశకమున ఇండియానాలో నల్లవారిపై ద్వేషమును మతముగా గొన్న కూ క్లక్స్ క్లాన్ సంఘమునకు బలము మిక్కుటము. వారు సొమ్ము చెల్లించి తమ పాటలను ఈ కంపెనీచేతనే అచ్చొత్తించుకొనిరి. ద్వేషమును, దానికి గురియైనవారి కళను ఒకే యంత్రము అచ్చువేసినది. యంత్రమునకు వివక్ష లేదు, వివక్ష మనుష్యులదే.

అప్పటికి మైక్రోఫోను వాడుక లేదు. విద్యుత్తుతో రికార్డు చేయుట 1925లో గాని పెద్ద కంపెనీల వాడుకలోనికి రాలేదు. గోడనుండి పెద్ద కొమ్ము వంటి గరాటు ఒకటి వచ్చును. వాద్యకారులందరు దాని నోటికి ఎదురుగ నిలిచి వాయింపవలెను. ఆ ధ్వని అదురుపాటు పలుచని రేకుకు తగిలి, రేకు సూదిని కదిల్చి, సూది తిరుగుచున్న మైనపు పలకపై గాడి గీయును. పెద్ద డ్రమ్ము మ్రోగినచో సూది ఎగిరిపడును. కావున బేబీ డాడ్స్ డ్రమ్ములు విడిచి కొయ్య ముక్కలపై తాళము వేయవలసి వచ్చెను. జాన్సన్ బాసు విడిచి బాంజో పట్టెను. గొంతు పెద్దదైనవాడు దూరముగ నిలువవలెను. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊపిరి బలమునకు ఆలివర్ నాదము మునిగిపోవుచుండుటచే, శిష్యుని పలు అడుగుల వెనుక, ఒంటరిగ మూల నిలిపిరి. అతడు దిగులుగ నిలిచిన విధమును లిల్ హార్డిన్ ముసలితనము వరకు మరువలేదు. అంత వెనుక నిలుపవలసి వచ్చినదన్నచో, అతడే మేటి యని తన కానాడు తెలిసినదని ఆమె చెప్పినది. వారిరువురు 1924 ఫిబ్రవరిలో వివాహమాడిరి.

ఆ రెండు దినములలో తొమ్మిది పాటలు పలకల కెక్కినవి. ఒక్కొకటి సుమారు మూడు నిమిషములు. పలక ఒక వైపు పట్టునది అంతియే. ఛైమ్స్ బ్లూస్ అను పాటలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఒంటరిగా వాయించిన భాగము అతని మొట్టమొదటి ఏకవాద్యము. స్నేక్ ర్యాగ్ అను దానిలో జంట కార్నెట్ల బ్రేకులు వరుసగ వినవచ్చును. వీనికి శిరోమణి డిప్పర్‌మౌత్ బ్లూస్. డిప్పర్‌మౌత్, అనగా గరిటె వంటి నోటివాడు, అనునది ఆర్మ్‌స్ట్రాంగునకు ముద్దుపేరు. పేరు శిష్యునిది, ప్రాణము గురువుది. పండ్రెండు ఆవృత్తముల చుట్టును మూడుసార్లు వరుసగ ఆలివర్ అందులో ఒంటరిగ వాయించెను. బూర నోటిని మూయుచు తెరచుచు, ఒకే చిన్న పలుకును పట్టి దానినే అటునిటు త్రిప్పి, అలకతో ప్రారంభించి, వేడుకోలుగ మార్చి, గర్జనతో ముగించును. ఎక్కువ స్వరములు లేవు. అనవసరమైనది ఒక్కటియు లేదు. అనంతర కాలమున ఆ పాటను వాయించిన ప్రతి కార్నెట్ వాద్యకారుడును ఈ మూడు చుట్టులను అక్షరము పోకుండ అప్పగించుట సంప్రదాయమైనది. మనోధర్మముగ పుట్టిన స్వరము కీర్తనవలె కంఠపాఠమగుట ఎంతటి గౌరవమో సంగీతజ్ఞులు ఎరుగుదురు.

ఆ సంవత్సరమే ఓకే, కొలంబియా, పారమౌంటు కంపెనీలకును ఆ మేళము వాయించెను. మొత్తము మూడు డజన్లకు పైగా పాటలు మిగిలినవి. ఆఫ్రికా సంతతి వాద్యకారుల న్యూ ఆర్లియన్సు సమష్టి పద్ధతికి ఇంత సమగ్రమైన తొలి సాక్ష్యము వేరొకటి లేదు. అక్టోబరులో జెన్నెట్ కొరకు చేసిన జూలూస్ బాల్, వర్కింగ్‌మన్ బ్లూస్ అను రెండు పాటలు ఒకే ఒక్క పలక దొరకుటచే లోకమునకు దక్కినవని సంగ్రహకులు చెప్పుదురు. ఏ యటుకమీదనో చెదపురుగులకు మిగిలిన ఒక్క తాళపత్ర ప్రతి వలన ఒక కావ్యము బ్రతికిన కథలు మనకును కొల్లలుగా గలవు. ఒక్కడెవడో పారవేయక దాచియుంచుట వలననే అవి నిలిచినవి.

ఇంతటి మేళము రెండేండ్లైనను నిలువలేదు. కారణము సంగీతము కాదు, లెక్క. కంపెనీలనుండి వచ్చు సొమ్మును గూర్చిన కాగితములను ఆలివర్ తోడివారికి చూపలేదు. నాట్యశాలవారు మనిషికింత అని ఇచ్చిన దానిలో ఆయన కొంత మిగుల్చుకొనుచున్నాడని డాడ్స్ సోదరులకు సందేహము పుట్టెను. మాటలు పెరిగెను. 1924 ప్రారంభమునకు డాడ్స్ సోదరులును, డూట్రేయును మేళమును విడిచిరి. ఆయన నిజముగ తీసెనో లేదో ఇప్పుడు తేల్చుట వ్యర్థము. లెక్క ఎంత సక్రమమైనను చూపని లెక్క తప్పుడు లెక్కతో సమానమే యగును. నలుగురు కలిసి పండించిన పంటకు నలుగురి ఎదుటనే కొలత జరుగవలెనను చిన్న ధర్మమును ఉపేక్షించుటచే, అమెరికా సంగీత చరిత్రలో అపూర్వమైన మేళ మొకటి చెదరిపోయెను.

శిష్యుని విషయమున ఆలివర్ మనస్సు కూడ రెండు తెరగులుగ నుండెను. శిష్యుని చేతిలో ఓటమిని గురువు కోరవలెనని మన పెద్దలు చెప్పుదురు. చెప్పుట సులభము. ద్రోణాచార్యునకే అది అందరు శిష్యుల యెడ సాధ్యము కాలేదు; ఏకలవ్యుని బొటనవ్రేలు అందులకు సాక్షి. ఆర్మ్‌స్ట్రాంగ్ తన ప్రక్కన రెండవ కార్నెట్‌గ ఉన్నంతకాలము తన రాజరికమునకు లోటు లేదని ఆలివర్ అనుకొనెడివాడని లిల్ హార్డిన్ తరువాత చెప్పినది. ఆయన వ్రేలు కోరలేదు గాని, ప్రక్కనే నిలుపుకొనగోరెను. భర్త ఎన్నటికిని రెండవవాడుగ ఉండరాదని ఆమె పట్టుబట్టగా, 1924లో ఆర్మ్‌స్ట్రాంగ్ గురువును విడిచి న్యూయార్కున ఫ్లెచర్ హెండర్సన్ మేళములో చేరెను. మరుసటి యేడు ఆ మేళము డిప్పర్‌మౌత్ బ్లూస్‌ను షుగర్‌ఫుట్ స్టాంప్ అను క్రొత్త పేరుతో వాయించినపుడు, గురువు యొక్క మూడు చుట్టులను శిష్యుడే వాయించెను. విడిచిపోయినవాడు విద్యను వెంట గొనిపోయెను; గొనిపోయి దానిని పెంచెను.

1924 డిసెంబరులో ఆలివర్ పియానో విద్వాంసుడగు జెల్లీ రోల్ మోర్టన్‌తో జంటగా రెండు పాటలు పలకకెక్కించెను. 1925 నుండి డిక్సీ సింకోపేటర్స్ అను క్రొత్త పెద్ద మేళముతో చికాగోలోని ప్లాంటేషన్ కఫేలో వాయించెను. 1926లో వొకేలియన్ కంపెనీకి చేసిన స్నాగ్ ఇట్ మొదలగు పలకలు బాగుగ అమ్ముడుపోయినవి. ఆ పాటలోని ఆయన బ్రేకును ఎల్లయెడల వాద్యకారులు నేర్చుకొనిరి. 1927లో ఆ కఫే అగ్నికి ఆహుతియయ్యెను. ఆలివర్ న్యూయార్కు చేరెను.

ఆయన జీవితమునకు మలుపు అచ్చటనే కలిగెను. హార్లెం పేటయందలి కాటన్ క్లబ్బువారు తమ శాలలో స్థిరముగ వాయింపుమని ఆయనను పిలిచిరి. వారు ఇవ్వజూపిన సొమ్ము తన స్థాయికి చాలదని ఆలివర్ నిరాకరించెను. ఆ స్థానము 1927 డిసెంబరులో డ్యూక్ ఎలింగ్టన్ అను యువకునకు లభించెను. ఆ శాలనుండి రేడియో ద్వారా ప్రసారమైన సంగీతము ఎలింగ్టన్‌ను దేశమంతట ప్రసిద్ధుని చేసెను. ఇందు విచిత్రమొకటి కలదు. ఎలింగ్టన్ మేళమునకు ఆ కాలమున ముఖ్యాకర్షణ బబ్బర్ మైలీ అను ట్రంపెట్ వాద్యకారుని గురగుర నాదము. మైలీ 1921లో చికాగోలో ఆలివర్ వాయించుట విని ఆ మార్గమును పట్టినవాడు. ఆలివర్ కాదన్న కొలువున ఆలివర్ విద్యయే కొలువుదీరెను.

దీనికితోడు దేహము ఎదురు తిరిగెను. ఆలివర్ మద్యము ముట్టనివాడు. తిండియందు మాత్రము ప్రీతి మెండు. రొట్టెముక్కల నడుమ చక్కెర దట్టముగ నింపుకొని తినుట ఆయనకు పరమానందము. చిగుళ్ల వ్యాధి పుట్టి దంతములు కదలుటకు ఈ మక్కువ కొంత కారణమని జీవితకారులు వ్రాసిరి. కార్నెట్ వాయించువాడు బూర గిన్నెను పెదవికి అదిమి, దాని వెనుకనున్న ముందుపండ్ల ఆధారముతో ఊపిరిని బిగింపవలెను. పండ్లు కదలినచో గోడ కూలినట్లే. 1928 నాటికి ఆయన పలకలలో ముఖ్యభాగములను తరచు ఇతరులు వాయింపవలసి వచ్చెను.

ఆ 1928లోనే వెస్ట్ ఎండ్ బ్లూస్ అను తన రచనను ఆలివర్ జూన్ 11వ తేదీన పలకకెక్కించెను. అదే నెల 28వ తేదీన ఆర్మ్‌స్ట్రాంగ్ చికాగోలో ఆ పాటనే వాయించెను. మేళము మౌనముగ నుండగా ఒంటరి ట్రంపెట్‌తో ఆకాశమునకెగసి దిగివచ్చునట్లు అతడు కూర్చిన ఆరంభ స్వరమాల జాజ్ సంగీతమునకు క్రొత్త యుగద్వారమని విజ్ఞులు ఏకకంఠముగ చెప్పుదురు. గురువు సృష్టించిన పాట శిష్యుని వలన అమరమైనది. 1929లో ఆలివర్ విక్టర్ కంపెనీకి ఆ పాటను మరల వాయింపించినపుడు, లూయీ మెట్‌కాఫ్ అను యువకుడు ఆర్మ్‌స్ట్రాంగ్ స్వరమాలను అనుకరించుచు దానిని ప్రారంభించెను. తన పాటకే తన శిష్యుని ఛాయను అరువు తెచ్చుకొనవలసి వచ్చిన ఆ క్షణమున ఆయన మనస్సున ఏమి తోచెనో ఊహింపవలసినదే. అసూయ అని ఒక మాటతో తేల్చివేయుట న్యాయము కాదు. కుమారుని భుజముపై చేయివైచి నడచు వృద్ధునకు గర్వమును, దైన్యమును ఒక్కసారియే కలుగును గదా.

1929లో అమెరికాలో ఆర్థిక మాంద్యము ఆరంభమయ్యెను. ఆలివర్ సొమ్ము దాచిన చికాగో బ్యాంకు మూతపడెను. 1931 తరువాత ఆయన పలక ఒక్కటియు లేదు. అటుపిమ్మట ఐదారేండ్లు చిన్న మేళములను కూర్చుకొని దక్షిణ రాష్ట్రములలో ఊరూర తిరిగెను. బస్సులు దారిలో చెడిపోవుట, పందిరి నింపిన జనము ఉన్నను ఏర్పాటు చేసినవారు సొమ్ము ఎగవేయుట, జీతములు అందక వాద్యకారులు ఒక్కొక్కరుగ విడిచిపోవుట నిత్యకృత్యములైనవి. రాజు మిగిలెను, కొలువు చెదరెను. తుదకు జార్జియా రాష్ట్రమందలి సవానా పట్టణమున ఆయన ప్రయాణము ఆగిపోయెను.

సవానాలో బ్రతుకుతెరువు కొరకు ఆయన వీథిప్రక్క కూరగాయలు అమ్మెను. 1937లో ఆర్మ్‌స్ట్రాంగ్ తన మేళముతో ఆ ఊరికి వచ్చినపుడు గురువును ఆ స్థితిలో చూచెను. తన జేబులోనున్న సొమ్మంతయు ఇచ్చెను. మేళములోని పాత న్యూ ఆర్లియన్సు మిత్రులును ఇచ్చిరి. ఆ రాత్రి శిష్యుని వాద్యము వినుటకు ఆలివర్ చక్కని దుస్తులు ధరించి, పూర్వపు ఠీవితో వచ్చి నిలిచెనని ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పుకొనెను. ఇచ్చిన సొమ్ముతో తాకట్టు బట్టలు విడిపించుకొని యుండునని అతడు ఊహించెను. ఆకలి తీర్చుకొనుటకంటె ముందు శిష్యుని యెదుట గురువుగ నిలువవలెనని తోచినది కాబోలు.

తరువాత ఆయన ఒక బిలియర్డ్సు శాలలో ఊడ్చి తుడుచు పనికి కుదిరెను. ఆ దినములలో న్యూయార్కుననున్న అక్క విక్టోరియాకు వ్రాసిన లేఖలే ఆయన అంతరంగమును మనకు తెలుపునవి. ఉదయము 9 గంటలకు శాల తెరచి అర్ధరాత్రి మూయుదునని, గంటలకు తగినట్లు జీతము లేకున్నను దొరికిన దానికి దైవమునకు కృతజ్ఞుడనని వ్రాసెను. రక్తపు పోటు ఎక్కువైనదని, వైద్యమునకు సొమ్ము చాలదని తెలిపెను. చిన్న డబ్బాలో నాణెములు దాచుచున్నాననియు, 1 డాలరు 60 సెంట్లు చేరినవనియు, దానిని ముట్టక న్యూయార్కు టిక్కెట్టు కొరకు కూడబెట్టుచున్నాననియు వ్రాసెను. ఆ లేఖలలో దూషణ లేదు. ఎవరినిగూర్చియు ఫిర్యాదు లేదు. విడిచిపోయినవారి పేరెత్తి నిందించుట లేదు.

1938 ఏప్రిలులో సవానాలో జోసెఫ్ ఆలివర్ మరణించెను. ఆ డబ్బాలోని నాణెములు టిక్కెట్టుకు చాలలేదు. అక్క విక్టోరియా తన ఇంటి అద్దెకై దాచుకొనిన సొమ్మును వెచ్చించి తమ్ముని దేహమును న్యూయార్కునకు రప్పించి, వుడ్‌లాన్ శ్మశానవాటికలో ఖననము చేయించెను. సమాధిపై శిల నిలుపుటకు ఆమెవద్ద ఇక ధనము లేదు.

ఏ శిలయు తెలుపని దానిని ఒక పుస్తకము తెలిపెను. 1939లో ఫ్రెడరిక్ రామ్సే, చార్లెస్ ఎడ్వర్డ్ స్మిత్ అనువారు ప్రకటించిన జాజ్‌మెన్ అను గ్రంథమున ఆ లేఖలు అచ్చుపడినవి. ఆ అక్క వానిని పారవేయక దాచినందున వారికి దొరకినవి. అవి చదివినవారు పాత పలకల కొరకు అంగళ్లు, అటుకలు వెదకజొచ్చిరి. 1940 దశకమున న్యూ ఆర్లియన్సు పాత పద్ధతికి కలిగిన పునరుజ్జీవనమున అమెరికాయందేకాక ఇంగ్లండు మొదలగు దేశములందును యువకులు రెండు కార్నెట్లతో మేళములు కట్టి, ఆలివర్ పలకలను గురువుగ పెట్టుకొని సాధనచేసిరి. ఆర్మ్‌స్ట్రాంగ్ 1971లో మరణించువరకు తన కీర్తికి మూలము తండ్రి జో అని చెప్పుట మానలేదు.

ఆలివర్ దోషరహితుడు కాడు. లెక్క దాచెను, వచ్చిన కొలువును అహముచే కాలదన్నెను, శిష్యుని కొంతకాలము నీడలో ఉంచదలచెను. కాని ఆకలిగొన్న బాలుని ఇంటికి పిలిచి విద్య చెప్పినవాడును, తంతి పంపి పెద్దనగరమునకు రప్పించినవాడును ఆయనయే. ఒక పళ్లెములో ఆ దోషములను, వేరొక పళ్లెములో ఈ దానమును ఉంచి తూచినచో ముల్లు ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు. దోషములకు శిక్షను ఆయన బ్రతికియుండగనే పూర్తిగ అనుభవించెను. దానఫలము మాత్రము నేటికిని లోకము అనుభవించుచున్నది.

ఈ చరిత్రమున మూడు పదార్థములు నిలిచినవి: ఒక శిష్యుడు, కొన్ని మైనపు గాడులు, కొన్ని లేఖలు. మూడును ఎవరో ఒకరు శ్రద్ధతో కాపాడినవే. గ్రంథాలయమనగా అట్టి శ్రద్ధకు ఊరుమ్మడిగ కట్టిన ఇల్లు. ఇరువది యైదేండ్లుగ మన గ్రామము ఆ ఇంటికి దీపము వెలిగించుచున్నది. ఊరివారి యిండ్లలో మూలబడియున్న పాత ఉత్తరములు, హరికథల ప్రతులు, పాటల పుస్తకములు, గ్రామఫోను పలకలు ఈ ఇంటికి చేరుగాక. ఏది ఎవని విద్యకు తుది సాక్ష్యమగునో దాచువానికి ముందుగ తెలియదు. తెలియకయే దాచుట మన ధర్మము.